అమెరికాలో అఫ్గాన్లు, చెక్‌లు: ఈ పోలిక ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో చెక్ మూలాలున్నవాళ్ళ ఆదాయం, సొంతిళ్ళు, చదువు దేశ సగటుకి సమానంగానో కాస్త పైనో ఉన్నాయి. అఫ్గాన్ మూలాలవాళ్ళలో పేదరికం ఎక్కువ, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు తక్కువ. ఇద్దరూ వలస వచ్చినవాళ్ళే కదా, మరి ఇంత తేడాకి మతం, సంస్కృతి కారణమా అని మీ ఎమ్మే ప్రాజెక్టు కోసం అడిగారు.

సూటిగా చెప్తాను. తేడా నిజమే. కానీ అందులో చాలా భాగం మూడు సంగతులతోనే తేలిపోతుంది: ఎప్పుడొచ్చారు, ఏ కాగితం మీద వచ్చారు, వచ్చిన రోజు చేతికి ఏం దొరికింది. ఇవి తీసేశాక సంస్కృతి వాటా కింద మిగిలేది తక్కువ. అది కూడా మీరు వెతుకుతున్న చోట ఉండదు. ఇప్పుడున్న రూపంలో మీ పోలిక నిన్న వేసిన నారుమడినీ కోతకొచ్చిన చేనునీ పక్కపక్కన పెట్టి గింజలు లెక్కపెట్టినట్టుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది గుంటూరు జిల్లా. 2008లో మావారి ఉద్యోగం వల్ల టెక్సస్‌లో టెంపుల్ అనే ఊరికి వచ్చాం. చుట్టుపక్కల ఏ పోస్టుబాక్సు మీద చూసినా చెక్ ఇంటిపేర్లే. హెచ్-4, అంటే ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా, దాని మీద పనిచేసే వీల్లేక ఏడేళ్ళు ఒక లైబ్రరీలో జీతం లేకుండా పాత రికార్డులు సర్దాను. ఓడ జాబితాలు, చర్చి పుస్తకాలు, భూమి కాగితాలు, అన్నీ చెక్ కుటుంబాలవే. 2015లో హెచ్-4 వాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసే అనుమతి వచ్చింది, ఆ కొందరిలో నేనూ ఉన్నాను. అదే ఏడు శాక్రమెంటో వచ్చాం. అప్పటినుంచి శరణార్థులకి ఇల్లు, పని, స్కూలు చూసిపెట్టే ఒక సంస్థలో కేస్ వర్కర్‌ని. నా దగ్గరకి వచ్చే కుటుంబాల్లో ఎక్కువ అఫ్గాన్లవే. కాబట్టి చెక్‌లని నేను కాగితాల్లో చూశాను, అఫ్గాన్లని వంటిళ్ళలో చూశాను. ఈ తేడా నా జవాబులోనూ కనిపిస్తుంది, గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు లెక్కల్లో ఉన్న మెలిక చూడండి. సెన్సస్ బ్యూరో ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో మీ పూర్వీకుల మూలం ఏది అని ఒక ప్రశ్న ఉంటుంది. రుజువు అడగరు. ఏం రాస్తే అదే, రెండు మూలాల దాకా లెక్కలోకి తీసుకుంటారు. 2000 సెన్సస్‌లో చెక్ అని రాసుకున్నవాళ్ళు సుమారు 12.6 లక్షలు. వీళ్ళలో ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళు చాలా కొద్దిమంది. మిగతావాళ్ళలో ఎక్కువమంది ముత్తాతలు 1850కీ మొదటి ప్రపంచ యుద్ధానికీ మధ్య ఓడ దిగినవాళ్ళు. అంటే మీరు చూస్తున్నది నాలుగో తరం, ఐదో తరం.

పైగా అందరూ రాసుకోరు. నెబ్రాస్కాలో అమ్మమ్మ వైపు చెక్, మిగతా మూడు వైపులా జర్మన్ అయిన మనిషి 'జర్మన్' అని రాసి ఊరుకోవచ్చు. చెక్ అని ఇష్టంగా రాసుకునేవాళ్ళలో ఇంకా ఆ ఊళ్ళోనే భూమి ఉన్నవాళ్ళు, ముత్తాత ఫొటో హాల్లో పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ ఉంటారని నా అనుమానం. టెంపుల్ లైబ్రరీలో మా దగ్గరకి వంశవృక్షం వెతుక్కోవడానికి వచ్చేవాళ్ళంతా దాదాపు రిటైరైనవాళ్ళే. పూట గడవనివాడు ముత్తాత ఎక్కిన ఓడ పేరు కోసం లైబ్రరీకి రాడు.

అఫ్గాన్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. 1980లో అమెరికాలో అఫ్గానిస్తాన్‌లో పుట్టినవాళ్ళు దాదాపు 4,000 మంది. 2019 నాటికి సుమారు 1,32,000. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయాక కొద్ది నెలల్లోనే 76,000 మందికి పైగా వచ్చి దిగారు. ఇక్కడ 'అఫ్గాన్ మూలాలు' అనే గంపలో మొదటి తరం, వాళ్ళ పిల్లలు, మొన్న విమానం దిగినవాళ్ళు, అందరూ కలిసిపోయి ఉన్నారు.

కుటుంబ ఆదాయం దగ్గర ఇంకో గుంట ఉంది. అఫ్గాన్ ఇంట్లో ఏడెనిమిది మంది ఉండటం మామూలు. చెక్ మూలాల ఇంట్లో తరచుగా ఇద్దరు రిటైరైనవాళ్ళు. ఊరికే ఉదాహరణకి, ఏడుగురున్న ఇంటికి 84,000 డాలర్లు వస్తే తలకి 12,000. ఇద్దరున్న ఇంటికి 60,000 వస్తే తలకి 30,000. కుటుంబ ఆదాయం పట్టిక చూస్తే మొదటి ఇల్లే కలిగినదిగా కనిపిస్తుంది. రెండో ఇంటికి అప్పు తీరిన సొంతిల్లు కూడా ఉంటుంది, అది ఆదాయం పట్టికలో కనపడదు. అందుకే తలసరి ఆదాయం, పేదరికం రేటు, సొంతిల్లు, మధ్యస్థ వయసు, ఈ నాలుగూ కలిపి చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

ఇక చెక్‌లు కొత్తగా వచ్చినప్పుడు ఎలా ఉన్నారో చూడండి. అసలు పోలిక మొదలు కావాల్సింది ఇక్కడ.

అప్పట్లో వాళ్ళని చెక్‌లు అనేవాళ్ళు కాదు, బొహీమియన్లు అనేవాళ్ళు. ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉన్న బొహీమియా, మొరేవియాల (ఇప్పటి చెక్ దేశం) నుంచి వచ్చిన చిన్న రైతులు, కూలీలు, చేతిపనివాళ్ళు. టెక్సస్‌కి వచ్చినవాళ్ళు గాల్వెస్టన్ రేవులో దిగి, ఎడ్లబళ్ళ మీద లోపలికి పోయి, పత్తి పండించారు. ఆ నేల నల్లరేగడి. మా గుంటూరు వైపు చేలు చూసినవాళ్ళకి ఆ మట్టి రంగు కొత్తగా అనిపించదు. నేను మొదటిసారి చూసి కారు ఆపించాను. టెక్సస్‌లో ఫెడరల్ ప్రభుత్వ భూమి లేదు కాబట్టి ఉచిత భూమి చట్టం అక్కడ వర్తించలేదు. చాలామంది కౌలుకి చేసి, కూడబెట్టి కొనుక్కున్నారు. నేను చూసిన కాగితాల్లో తండ్రి కౌలుదారు, కొడుకు చిన్న రైతు, మనవడు పత్తి జిన్ను భాగస్వామి, ఇలా మెట్లు కనిపిస్తాయి. మూడు తరాలు పట్టింది.

నెబ్రాస్కా, కాన్సస్ వైపు పోయినవాళ్ళకి 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దొరికింది. కొద్దిపాటి ఫీజు కట్టి, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగుచేస్తే భూమి వాళ్ళదే. ఆ భూమి అంతకుముందు పానీ, ఓటో తెగలది, అది వేరే కథ. గడ్డి వేళ్ళతో సహా కోసిన మట్టిపెళ్ళలు పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. 1874లో మిడతల దండు వచ్చి పంటంతా ఊడ్చేసింది. సుఖపడ్డారని నేననడం లేదు. కానీ మిడతలు పంటని తింటాయి, పట్టాని తినవు.

నగరాల కథ ఇంకా గరుకుగా ఉంటుంది. న్యూయార్క్‌లో చెక్ కుటుంబాలు ఇరుకు అద్దె గదుల్లోనే పిల్లలతో సహా పొద్దుట్నుంచి రాత్రి దాకా చుట్టలు చుట్టేవి. ఇంటి యజమానే చాలాసార్లు పనిచ్చే యజమాని కూడా, అద్దె కూలీలోంచి కోసుకునేవాడు. షికాగోలో పిల్సెన్ పేటలో కలప అడితీల దగ్గర మగవాళ్ళు దూలాలు మోసేవాళ్ళు. 1877 జూలై రైల్వే సమ్మెలో హాల్‌స్టెడ్ వీధి వంతెన దగ్గర పోలీసులు, సైనికులు కాల్పులు జరిపితే చనిపోయిన సుమారు 30 మందిలో, గాయపడ్డవాళ్ళలో చెక్ కార్మికులు చాలామంది. ఆ రోజుల్లో బొహీమియన్ అంటే దేవుడు లేనివాడు, తాగుబోతు, సోషలిస్టు, గొడవలు పెట్టేవాడు అన్న ముద్ర ఉండేది. 1880ల్లో మీలాంటి విద్యార్థి ఎవరైనా షికాగోలో సర్వే చేసి ఉంటే, వీళ్ళు వెనకబడటానికి సంస్కృతే కారణమా అని అడిగి ఉండేవాడు.

మతం సంగతి అడిగారు కాబట్టి ఒక పిట్టకథ. షికాగో చెక్‌లలో కేథలిక్కులతో పాటు చర్చికి దూరంగా ఉండే స్వేచ్ఛాలోచనవాదులు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్ళు. ఒక చెక్ స్త్రీ చనిపోతే కేథలిక్ శ్మశానంలో చోటివ్వడానికి ఫాదర్ ఒప్పుకోలేదు. ఆ కోపంతో వాళ్ళు 1877లో సొంత శ్మశానమే పెట్టుకున్నారు, బొహీమియన్ నేషనల్ సిమెట్రీ అని ఇప్పటికీ ఉంది. 1931లో షికాగో మేయరైన ఆంటన్ చెర్మాక్ సమాధి అందులోనే. ఆయన బొహీమియాలోని క్లాడ్నో దగ్గర పుట్టి, పసివాడిగా ఉన్నప్పుడే వచ్చి, చిన్నతనంలో గనుల్లో పనిచేసినవాడు. 1933లో మయామీలో, అమెరికా అధ్యక్షుడిగా గెలిచి ఇంకా పదవి చేపట్టని రూజ్‌వెల్ట్ పక్కన ఉండగా తూటా తగిలి పోయాడు. శ్మశానంలో చోటు కోసం తగువాడిన కాలం నుంచి నగర మేయర్ పదవి దాకా యాభైనాలుగేళ్ళు. కాబూల్ పడిపోయి ఇంకా పదేళ్ళు కాలేదు.

రెండో సంగతి కాగితం, అంటే లోపలికి రానిచ్చే తలుపు. నా అనుభవంలో అన్నిటికంటే బరువైనది ఇదే.

హోమ్‌స్టెడ్ భూమి కోసం పౌరుడై ఉండాలి, లేదా పౌరుణ్ణవుతానని కోర్టులో డిక్లరేషన్ ఇవ్వాలి. 1790 చట్టం ప్రకారం పౌరసత్వం 'స్వేచ్ఛ గల తెల్లవాళ్ళకి' మాత్రమే. 1870లో ఆఫ్రికన్ మూలాలవాళ్ళని చేర్చారు, మిగతావాళ్ళకి తలుపు మూసే ఉంది. చెక్ రైతుకి ఇంగ్లిష్ ముక్క రాకపోయినా, చేతిలో పైసా లేకపోయినా, చట్టం కంట్లో తెల్లవాడు. వచ్చిన ఏడాదే డిక్లరేషన్ ఇచ్చి భూమికి దరఖాస్తు పెట్టొచ్చు. తర్వాత ఓటు, పంచాయితీ, షెరిఫ్, స్కూల్ బోర్డు, అన్నీ వెంట వచ్చాయి.

అదే చట్టం కింద 1923లో మన పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ తింద్ పౌరసత్వాన్ని సుప్రీంకోర్టు కాదన్నది అందరికీ తెలుసు. 1928లో ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ఫిరోజ్ దీన్ అనే అఫ్గాన్‌ని కూడా తెల్లవాడు కాదని తిప్పి పంపిన సంగతి చాలామందికి తెలియదు. జాతిని బట్టి పౌరసత్వం ఆపడం పూర్తిగా పోయింది 1952లో. అంటే ఆ రోజుల్లో అఫ్గాన్లు ఓడలెక్కి వచ్చి ఉన్నా నెబ్రాస్కాలో వాళ్ళ పేరు మీద 160 ఎకరాలు రాసేవాళ్ళు కాదు.

ఇప్పటి అఫ్గాన్లకి కాగితం రకరకాలు. వీళ్ళని ఒక్క ముద్దగా చూడకండి. నాకు కనిపించేవి మూడు పొరలు.

మొదటి పొర 1979 డిసెంబర్‌లో సోవియట్ సైన్యం దిగాక వచ్చినవాళ్ళు. 1980 శరణార్థుల చట్టం కింద చాలామంది వచ్చారు. కాబూల్‌లో డాక్టర్లు, ఆఫీసర్లు, లెక్చరర్లు. ఇక్కడ టాక్సీలు నడిపారు, న్యూయార్క్‌లో కాఫీ బళ్ళు, ఫ్రైడ్ చికెన్ కొట్లు పెట్టారు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో లిటిల్ కాబూల్ అనే పేట అలా పుట్టిందే. ఇప్పుడు ఫ్రీమాంట్ నిండా మన తెలుగువాళ్ళే. అఫ్గాన్ల నాన్ రొట్టె కొట్టు ముందు శనివారం పూట లైన్లో నిలబడితే సగం మాటలు తెలుగులో వినిపిస్తాయి. ఆ రొట్టె కాల్చే ముసలాయన పిల్లలు ఇంజనీర్లు, నర్సులు, లాయర్లు. చెక్‌లకి మూడు తరాలు పట్టినది వీళ్ళలో చాలా ఇళ్ళలో రెండో తరానికే జరిగింది. మతం అదే, భాష అదే, మరి మారిందేమిటి? చదువుకుని వచ్చారు, శరణార్థి హోదాతో వచ్చారు, ఏడాదికి గ్రీన్‌కార్డు అడిగే హక్కు ఉంది.

రెండో పొర అమెరికా సైన్యానికి, ప్రాజెక్టులకి పనిచేసిన దుబాసీలు, ఇంజనీర్లు, డ్రైవర్లు. 2009లో కాంగ్రెస్ చేసిన చట్టం కింద ప్రత్యేక ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చారు, మేం ఎస్‌ఐవీ అంటాం. దిగిన రోజే గ్రీన్‌కార్డు ఖాయం. నా కేసుల్లో ఎక్కువ వీళ్ళే.

మూడో పొర 2021లో ఖాళీ చేయించి తెచ్చినవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమందికి ఇచ్చింది హ్యూమానిటేరియన్ పెరోల్. రెండేళ్ళ పాటు ఉండనిచ్చే కాగితం, అంతే. దాన్నుంచి గ్రీన్‌కార్డుకి నేరుగా దారి లేదు. దారి వేసే బిల్లు కాంగ్రెస్‌లో పెట్టారు, పాస్ కాలేదు. అసైలం, అంటే ఇక్కడికొచ్చాక అడిగే ఆశ్రయం, దానికి దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. మధ్యలో ఇచ్చిన తాత్కాలిక రక్షణ హోదాని 2025లో ఎత్తేశారు. రెండేళ్ళ కాగితం ఉన్నవాడికి బ్యాంకు అప్పివ్వదు, కంపెనీ ట్రైనింగ్ మీద డబ్బు పెట్టదు, వాడూ నాలుగేళ్ళ కోర్సులో చేరడు. కోర్సు పూర్తయ్యేసరికి ఇక్కడ ఉంటాడో లేదో తెలియనప్పుడు ఎవరు చేరతారు? దాన్ని తీసుకెళ్ళి సర్వేలో 'తక్కువ చదువు, తక్కువ నైపుణ్యం ఉన్న పని' అని రాస్తారు.

చెక్‌లలోనూ ఇలాంటి పొరే ఒకటుంది. 1948లో ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారం పట్టుకున్నాక, 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు వచ్చాక పారిపోయి వచ్చినవాళ్ళు. తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయిన మడలీన్ ఆల్‌బ్రైట్ కుటుంబం 1948లో వచ్చింది. తండ్రి దౌత్యవేత్త, ఇక్కడ డెన్వర్‌లో ప్రొఫెసరయ్యాడు. మీ ప్రాజెక్టులో న్యాయమైన పోలిక కావాలంటే ఇదిగో: 1968 తర్వాతి చెక్‌లు, 1980ల అఫ్గాన్లు. ఇద్దరినీ తరిమింది ఒకే దేశపు ట్యాంకులు. ఇద్దరూ పట్నవాసపు చదువరులు. ఇద్దరికీ ప్రచ్ఛన్నయుద్ధం పుణ్యమా అని అమెరికాలో సానుభూతి ఉండేది. ఈ రెండు గుంపుల మధ్య తేడా మీరు మొదట చూసినంత ఉండదు.

ఇక మూడో సంగతి, వచ్చాక చేతికి ఏం దొరికింది. ఇవి నా రోజువారీ పనిలో కనిపించేవి. పుస్తకాల్లో ఇవి అంతగా దొరకవు కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

మాకు వచ్చే ప్రోగ్రాముల్లో ఒకదాని కింద 240 రోజుల్లో కుటుంబం తన కాళ్ళ మీద నిలబడాలి. 2021లో వచ్చినవాళ్ళకి మొదట్లో నేరుగా ఖర్చుపెట్టడానికి మనిషికి 1,225 డాలర్లు. శాక్రమెంటోలో రెండు బెడ్‌రూముల అద్దె, అడ్వాన్సు చూస్తే అది ఎన్నాళ్ళొస్తుందో మీరే లెక్కేసుకోండి. అందుకని అందరం 'ముందు ఏదో ఒక పని' అంటాం. కాందహార్ వైపు రోడ్ల ప్రాజెక్టులో పదేళ్ళు చేసిన సివిల్ ఇంజనీర్ ఒకాయన నా కేసు. నేను ఆయన్ని గోడౌన్‌లో రాత్రి షిఫ్టుకి పంపాను. గడువు దాటకుండా కేసు మూశాను, ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా. ఏడాదిన్నర తర్వాత కనిపిస్తే ఇంకా అదే గోడౌన్. రాత్రి పని, పగలు నిద్ర, ఇంగ్లిష్ రిపోర్టులు రాసే అలవాటు పోయింది, సర్టిఫికెట్ల మదింపుకి పంపిన కాగితాలు మధ్యలో ఆగిపోయాయి. కౌంటీ రోడ్ల విభాగంలో టెక్నీషియన్ పోస్టులుంటాయని, మూడు నెలలు ఆగి ఉంటే అందులో ప్రయత్నించేవాళ్ళమని నాకు అప్పుడు తెలియదు. ఆ తప్పు నాది. ఆ తర్వాత నుంచి చదువుకున్నవాళ్ళ కేసు వస్తే మొదటి వారంలోనే డిగ్రీ మదింపు ఫీజు పక్కన పెట్టిస్తున్నాను, పని ఏదైనా సరే.

ఇల్లు ఇంకో గండం. క్రెడిట్ చరిత్ర లేదు, జీతం స్లిప్పులు లేవు, తొమ్మిది మంది మనుషులు. రెండు బెడ్‌రూముల ఇంటికి ఇంతమందే అని యజమానులు గీత గీస్తారు. రెండు ఇళ్ళు తీసుకోమంటే రెండు అద్దెలు. తర్వాత కాస్త కుదురుకున్నాక సొంతిల్లు కొనాలంటే, ఇస్లాంలో వడ్డీ తప్పు కాబట్టి అక్కడ ఆగుతారు కొందరు. వడ్డీ లేని పద్ధతిలో ఇళ్ళు కొనిపెట్టే సంస్థలు ఉన్నాయి, కానీ ఎక్కువ ముందస్తు సొమ్ము అడగొచ్చు. ఇక్కడ మతం పాత్ర ఉంది, ఒప్పుకుంటాను. ఎంత ఉంది అంటే, నా కేసుల్లో వడ్డీ కారణంగా ఇల్లు కొనకుండా ఆగినవాళ్ళని ఒక చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డౌన్ పేమెంట్ లేక ఆగినవాళ్ళకి వేళ్ళు చాలవు. డౌన్ పేమెంట్ ఎందుకు లేదంటే జీతంలో ఒక భాగం నెలనెలా కాబూల్‌కో పెషావర్‌కో పోతోంది. అక్కడ తల్లిదండ్రులు ఉన్నారు, కొన్ని ఇళ్ళలో భార్యాపిల్లలే అక్కడ చిక్కుకుపోయి ఉన్నారు.

ఆడవాళ్ళ ఉద్యోగాల గురించి మీరు రాసిన వాక్యం నాకు గుచ్చుకుంది, అందుకు నా కారణం నాకుంది. 2008 నుంచి 2015 దాకా నేను కూడా సర్వే లెక్కల్లో 'ఉద్యోగంలో లేని, వెతకని' స్త్రీనే. ఎమ్మెస్సీ చదివిన తెలుగు ఆడపిల్లని. ఆ సంఖ్య చూసి ఎవరైనా భారతీయ సంస్కృతి ఆడవాళ్ళని ఇంట్లో కూర్చోబెడుతుంది అని రాసి ఉండొచ్చు. కాగితం మారిన నాలుగో నెలకి నేను ఉద్యోగంలో ఉన్నాను. మనిషి మారలేదు, వంటిల్లు మారలేదు.

అఫ్గాన్ ఆడవాళ్ళ విషయంలో అంతా కాగితమే అనను, అది అబద్ధమవుతుంది. నా దగ్గరకి వచ్చిన తల్లుల్లో కొందరు ఏ భాషలోనూ చదవడం రానివాళ్ళు. తాలిబన్ల మొదటి పాలనలో, 1996 నుంచి 2001 దాకా, బడి వయసులో ఉన్నవాళ్ళు. బడి మూసిన పాపం వాళ్ళది కాదు. కొందరు భర్తలు క్లాసుకి పంపడానికి వెనకాడతారు, అదీ చూశాను. కానీ అన్నిటికన్నా ఎక్కువగా అడ్డుపడేది చంటిపిల్లలు, కారు. శాక్రమెంటోలో బస్సులు తక్కువ. ఇంట్లో ఉన్న ఒక్క కారు భర్త డ్యూటీకి పోతుంది. ఒక అపార్ట్‌మెంట్‌లోనే, కిందింట్లో పిల్లల్ని చూసుకునే ఏర్పాటుతో ఇంగ్లిష్ క్లాసు పెట్టాం. మొదటి వారం ఆరుగురొస్తారనుకుంటే ఇరవైకి పైగా వచ్చారు, గ్రీన్ టీ మేం పొయ్యాల్సింది పోయి వాళ్ళే ఫ్లాస్కులతో తెచ్చారు. పెషావర్‌లో పెరిగినవాళ్ళకి ఉర్దూ వస్తుంది, నా హైదరాబాద్ ఉర్దూ విని పడీపడీ నవ్వేవాళ్ళు. నన్ను ఖాలా (పిన్ని) అనేవాళ్ళు. మగ కేస్ వర్కర్‌కి గుమ్మం దగ్గర ఆగిపోయే కబుర్లు నాకు పొయ్యి దగ్గర దొరికేవి. అలా తెలిసిందేమంటే, వాళ్ళలో ముగ్గురు ఇంట్లో కుట్టుపని చేసి సంపాదిస్తున్నారు, ఒకామె పెళ్ళిళ్ళకి మంటూ, బొలానీ చేసిస్తుంది. మంటూ అంటే మాంసం కూరిన ఉడికించిన కుడుముల్లాంటివి, బొలానీ అంటే కూర పెట్టి పెనం మీద కాల్చే రొట్టె. ఆ సంపాదన ఏదీ సర్వేలోకి రాదు.

సంస్కృతి వాటా మీరనుకున్న చోట ఉండదని మొదట్లో అన్నాను కదా, అదెక్కడుందో చెప్తాను. నా ఉద్దేశంలో అది సంఘాలు కట్టుకునే అలవాటులో ఉంది. చెక్‌లు ఎక్కడికి పోయినా ముందు చావు ఖర్చుల సంఘం పెట్టుకున్నారు. 1854లోనే సెయింట్ లూయిస్‌లో సీఎస్‌పీఎస్ అనే పరస్పర సహాయ సంఘం మొదలైంది. నెలకింత చందా, మనిషి పోతే కుటుంబానికింత. టెక్సస్‌వాళ్ళు 1897లో ఎస్‌పీజేఎస్‌టీ అని సొంతంగా పెట్టుకున్నారు, అది ఇప్పటికీ టెంపుల్‌లో బీమా సంస్థగా నడుస్తోంది, నేను దాని ముందు నుంచే లైబ్రరీకి వెళ్ళేదాన్ని. షికాగోలో వీధివీధికీ గృహనిర్మాణ పొదుపు సంఘాలు పెట్టి, వారంవారం చిల్లర జమచేసి ఇళ్ళు కొన్నారు. మన చీటీలకి దగ్గరి చుట్టం అనుకోండి. పిల్సెన్ నుంచి కాస్త మంచి పేటకి మారి దానికి 'చెక్ కాలిఫోర్నియా' అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడా పేట మెక్సికన్లది, లిటిల్ విలేజ్ అంటారు.

అఫ్గాన్లలోనూ ఇచ్చిపుచ్చుకోవడం గట్టిదే. కొత్త కుటుంబం దిగితే మసీదు వాళ్ళు బియ్యం బస్తా, దుప్పట్లు, తివాచీ తెచ్చి పడేస్తారు, నా సంస్థ ఫారాలు నింపేలోపే. కానీ ఆ సాయం బంధువులు, ఊరు, తెగ, భాష గీతల మీద నడుస్తుంది. పష్తూన్, తాజిక్, హజారా కుటుంబాలు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఒకే సంఘంలో ఉండటం తక్కువ. నలభై ఏళ్ళ యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు చందా పుస్తకం మీద పేరు రాయడానికే జంకుతారు, జాబితాలో పేరుంటే ఏమవుతుందో వాళ్ళు చూసి వచ్చారు. దీన్ని సంస్కృతి అనాలా, భయం అనాలా, మీరే తేల్చండి. చెక్‌లలో కూడా కేథలిక్కులకీ స్వేచ్ఛాలోచనవాదులకీ పడేది కాదు, సంఘాలు వేరువేరుగానే పెట్టుకున్నారు. తేడా ఏమిటంటే ఎవరో తలుపు కొట్టి తీసుకుపోతారన్న టెన్షన్ వాళ్ళకి అంతగా లేదు.

మీ ప్రాజెక్టుకి పనికొచ్చే మాటలు కొన్ని చెప్పి ఆపేస్తాను.

సెన్సస్ పట్టికల్లో 'చెక్', 'చెకోస్లొవేకియన్' వేరువేరు గడులు. రెండో గడిలో స్లొవాక్‌లు కూడా ఉంటారు, కాబట్టి కలిపితే కలిపానని, వదిలేస్తే వదిలేశానని రాయండి. అఫ్గాన్ల శాంపిల్ చిన్నది, ఒక్క ఏడాది అంచనాల్లో పొరపాటుకి వీలున్న అంతరం పెద్దగా ఉంటుంది. అలాగని ఐదేళ్ళ సగటు తీసుకుంటే 2021కి ముందు కుదురుకున్నవాళ్ళు, తర్వాత దిగినవాళ్ళు కలిసిపోతారు. 2015-2019 ఒకటి, 2021 తర్వాతి సంవత్సరాలు ఇంకొకటి తీసుకుని విడివిడిగా చూపించండి. వీలైతే మైక్రోడేటాలో (ఒక్కో మనిషి జవాబులు విడిగా ఉండే ఫైళ్ళలో) అఫ్గాన్లని వచ్చిన సంవత్సరం వారీగా విడగొట్టండి, ఇక్కడే పుట్టినవాళ్ళని విడి వరసలో పెట్టండి. చెక్‌ల వైపు 1900, 1910 సెన్సస్ షీట్లు ఉచితంగా చూడొచ్చు. వాటిలో వచ్చిన సంవత్సరం, పౌరసత్వం స్థితి, సొంతిల్లా అద్దిల్లా, చదవడం రాయడం వచ్చా అన్న గడులున్నాయి. ఒక కౌంటీ తీసుకోండి చాలు. నెబ్రాస్కాలో సలీన్ కౌంటీ అయితే చెక్‌లు దండిగా దొరుకుతారు, విల్బర్ అనే ఊరు అందులోదే. 'పౌరసత్వం' గడిలో 'పీఏ' అని ఉంటే డిక్లరేషన్ ఇచ్చాడని అర్థం, 'ఎన్‌ఏ' అంటే పౌరుడైపోయాడని, 'ఏఎల్' అంటే ఇంకా విదేశీయుడేనని. ఆ గడినీ సొంతిల్లు గడినీ పక్కపక్కన పెట్టి ఎక్కించుకోండి. మొదటి యాభై ఇళ్ళు ఎక్కించాక ఇక్కడే కింద రాయండి, అఫ్గాన్ల వైపు ఏ ప్రశ్నలు వెయ్యాలో అప్పుడు కూర్చుని చూద్దాం.